ఖాళీ మేకు

మార్చి 3, ఆదివారం, సాయంత్రం

రాకెట్ విరిగింది. మొత్తం కాదు, ఒక్క రెక్క. మూడింట్లో ఒకటి, ట్యూబ్‌కి సన్నని పట్టీ మిగిల్చి పుటుక్కున ఊడింది.

పైకి మాత్రం ఏం వెళ్ళిందని! గ్రౌండ్‌లో అందరూ మెడలు వెనక్కి వాల్చి చూశారు. నేనూ మా ఆడపడుచూ నాలుగు నెలలు కూర్చుని చేసిన రాకెట్. రెక్కలు కోసింది నేను, పారాచూట్ కుట్టింది నేను, దాన్ని మడిచి లోపల పెట్టింది తను. మందుల షాపులో పని తనకి. ఏదైనా సరే తూచి గానీ వదలదు. జిగురు చుక్కని కూడా తూచింది. అందుకే ఈ డైరీలో తన పేరు తూకమ్మ.

పారాచూట్ ఒక్క క్షణం ఆలస్యంగా విచ్చుకున్నట్టు నాకనిపించింది. రాకెట్ ఊగుతూ దిగి తోకతో గట్టి నేలని కొట్టుకుంది.

మా రాకెట్ల క్లబ్ నడిపే లిఫ్ట్ మెకానిక్ గారు లాగ్‌బుక్ పట్టుకొచ్చారు. రాకెట్ దెబ్బతింటే 'కారణం' గడి నింపకుండా ఎవరూ ఇంటికి వెళ్ళకూడదు. పైకి పంపడం ఎవడైనా చేస్తాడు, క్షేమంగా దించడమే విద్య అంటారాయన. ముప్పై ఏళ్ళు లిఫ్టులు చూసిన మనిషి మరి. పెన్ను నేనే అందుకున్నాను. "పారాచూట్ మడత బిగుతు" అని రాసి సంతకం పెట్టాను. తూకమ్మ చదివింది. పారాచూట్ విప్పి తన ఇంటికి పట్టుకెళ్ళింది.

రెక్కలో తప్పుండే ప్రశ్నే లేదు. యూనిఫామ్‌లు కుట్టే యూనిట్‌లో నేను కటింగ్ మాస్టర్‌ని. కటింగ్ రూమ్ గోడకి ఐదు మేకులున్నాయి, ఐదుగురు మాస్టర్లకి. ఎవరు తప్పు కోస్తే ఆ ముక్క చీటీతో సహా వాళ్ళ మేకుకి వేలాడుతుంది, నెలాఖరు దాకా. నా మేకు పదకొండేళ్ళుగా ఖాళీ. బూజు పట్టకుండా నేనే తుడుస్తాను.

మార్చి 4, సోమవారం, ఉదయం 6:10

విరిగిన అంచులకి చెక్క జిగురు పల్చగా రాశాను. ఆరాక మళ్ళీ రాసి అతికించాను. కుట్టు మీద కుట్టు వేసినట్టు. పట్టు కోసం బట్టల క్లిప్పులు పెట్టాను.

మా ఆయన వచ్చి చూసి, ఇందులో సగం శ్రద్ధ తన చొక్కా గుండీ మీద పెట్టకూడదా అన్నారు. ఊడి మూడు వారాలైందట. దర్జీ ఇంట్లో చొక్కాలకి గుండీలుండవని లోకమంతా ఎరిగిందే కదా అన్నాను.

మార్చి 6, బుధవారం

అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలియడం లేదు. నా వేలికే తెలియలేదంటే ఇంకెవరి వేలికీ తెలియదు.

ఇక రంగు గీకి, రెక్కకి రెండువైపులా కాగితం అతికించాలి, కాలరు గట్టిగా నిలవడానికి బకరం గుడ్డ వేసినట్టు. ఆ తర్వాత విరగమన్నా విరగదు.

మార్చి 7, గురువారం, ఉదయం 6:30

రంగు గీకాను. కింద చెక్క కనబడింది.

బట్టకి పోగున్నట్టే చెక్కకీ నార ఉంటుంది. రెక్కలో ఆ నార ట్యూబ్ నుంచి బయటికి సాగాలి. అప్పుడే బలం. మిగతా రెండింటినీ గీకి చూశాను, అలాగే ఉన్నాయి. విరిగినదాంట్లో మాత్రం నార ట్యూబ్ వెంబడే పోతోంది. అలా కోస్తే అది రెక్క కాదు, బిస్కెట్టు. చిన్న దెబ్బకే నార వెంట చీలుతుంది. సరిగ్గా అలాగే చీలింది.

మూడూ కోసింది నేనే.

మధ్యాహ్నం 1:20, భోజనాల టైమ్

డైరీ బ్యాగులో పెట్టుకొచ్చాను. వెనక్కి తిప్పితే నవంబర్ 19న నా రాతే ఉంది: "ఒక్క షీట్‌లో మూడు రెక్కలూ సరిపెట్టేశాను! మూడోది కాస్త తిప్పి పెడితే ఇమిడింది. రెండు షీట్లు కావాలని తూకమ్మ గోల. కటింగ్ మాస్టర్‌తోనా!"

ఆ ఆశ్చర్యార్థకాలు చూస్తే ఒళ్ళు మండింది.

ముక్క మిగల్చడం నా చేతికి పట్టిన జబ్బు. జానెడు బట్ట మిగిలిన రోజు అన్నం రుచిగా ఉంటుంది నాకు. జేబు ముక్కకి పోగు తిప్పినా కొంపలేం మునగవు. రెక్కకి అలా చెల్లదు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పంతా తీసుకెళ్ళి మడత మీద పెట్టాను. ఇంకుతో పెట్టాను.

మార్చి 8, శుక్రవారం

రెండువైపులా కాగితం అతికించేశాను. నార కనబడదు.

మార్చి 10, ఆదివారం

గాలి ఎక్కువగా ఉందని ఈ వారం లాంచ్ లేదు. తూకమ్మ మా ఇంటికొచ్చింది. చంకలో చెప్పుల డబ్బా, డబ్బాలో పారాచూట్, దాంతో పాటు ఒక నోటుబుక్కు. సబ్బుబిళ్ళ కట్టి మేడ మీంచి అరవైమూడు సార్లు వదిలిందట. ప్రతిసారీ టైము రాసుకుంది. ఒక్కసారి కూడా ఆలస్యం లేదు. మరి ఆ రోజు ఎక్కడ పొరపాటు జరిగిందో బుర్రకి ఎక్కడం లేదంది.

ఈ నెల తనకి సేఫ్టీ బ్యాడ్జి ఇవ్వాల్సింది. అది వస్తే ఎవరి రాకెట్ ఎగరాలో, ఏది ఆగాలో చెప్పేది తనే. రెండేళ్ళుగా దాని కోసమే ఒక్క ఆదివారం కూడా మానలేదు. లాగ్‌బుక్‌లో ఆ రాత ఉండగా ఇవ్వలేనన్నారట లిఫ్ట్ మెకానిక్ గారు. ఇకమీద తన మడతలు ఇంకొకరు చెక్ చేయాలట. అదే న్యాయం కదా వదినా, నీ చేతికి బట్ట గుణం తెలుసు కదా, కాస్త మడత నేర్పించవా అని అడిగింది.

తర్వాత రెక్క మీద వేలు పోనిచ్చి, అతుకే తెలియడం లేదని, వదిన చెయ్యి మిషనని వాళ్ళన్నయ్యతో చెప్పింది.

నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఒక గంట మడత నేర్పించాను కూడా. నా అంత సిగ్గుమాలిన మనిషి లేదు.

మార్చి 11, సోమవారం, సాయంత్రం

కొత్త షీట్ తెచ్చాను. అతికించిన రెక్కని బ్లేడుతో కోసి తీసేశాను. నా అతుకు మాత్రం అప్పుడు కూడా విడిపోలేదు. ఆ సంగతి ఇక్కడ రాసి తీరాలి.

ముందు షీట్ మీద పెన్సిల్‌తో నార వెంట బాణం గీశాను. పెద్ద షీట్‌లోంచి ఒకే ఒక్క రెక్క. మిగిలిన ముక్క వైపు చెయ్యి లాగుతూనే ఉంది. లాగనిచ్చాను, దాని జోలికి మాత్రం వెళ్ళలేదు. అంచులు నున్నగా రుద్ది, ట్యూబ్ మీద నిటారుగా నిలబెట్టి, మొదలు దగ్గర రెండువైపులా జిగురు వేలితో సాపు చేశాను. చూస్తే కడుపు నిండింది. నేను ఇంతవరకు కోసినవాటిలో ఇదే మేలైనది.

బాగున్న రెక్కని ఎందుకు పీకావని మా ఆయన అడిగారు. చెప్పేశాను. పగలబడి నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చెల్లి వారం నుంచి సరిగ్గా తినకుండా మడతలే వేస్తోందని అత్తయ్య ఫోన్ చేసిందని మాత్రం చెప్పారు. నవ్వినా బాగుండేది.

మార్చి 12, మంగళవారం

గుండీ కుట్టాను.

మార్చి 17, ఆదివారం, మధ్యాహ్నం

లాంచ్‌కి ముందే లాగ్‌బుక్ అడిగాను. పాత రాత కొట్టేయబోతే లిఫ్ట్ మెకానిక్ గారు ఆపారు. కొట్టేయకూడదు, కిందే రాయాలి, రాసింది పైకి చదవాలి అన్నారు. ఇరవై మంది చుట్టూ ఉన్నారు. రాశాను. చదివాను. "మార్చి 3న రాసిన కారణం తప్పు. మడత సరిగ్గానే ఉంది. ఒక రెక్కకి నార తప్పు దిక్కున ఉంది. షీట్ మిగల్చడానికి అలా కోసింది నేను. తెలిశాక పది రోజులు దాచింది కూడా నేనే."

చివరి వాక్యం ఇంకా గట్టిగా చదివాను.

ఆయన పాత రెక్కని వెలుగుకి పట్టి చూశారు, కాగితం అంచు లేపి మరీ. ఈ పుస్తకం మొదలుపెట్టిన నాటి నుంచి తన రాత తనే దిద్దుకున్న మనిషి ఇంతవరకు లేదన్నారు. పొగిడారో తిట్టారో తెలియలేదు. నాకు తూకమ్మ ఏమంటుందన్నదే భయం.

రెండు షీట్లు అడిగాను కదా వదినా, అంది. అంతే. ఆ ఐదు మాటలూ తూచి వేసింది.

తర్వాత పారాచూట్ తనే మడిచింది. ఎవరూ చెక్ చేయలేదు. బటన్ తనే నొక్కింది. రాకెట్ పైకి వెళ్ళింది, గొడుగు విచ్చుకుంది. ఆ రోజూ సరిగ్గా ఇంతే సేపు పట్టింది. ఆలస్యం నా కళ్ళదే. దిగడం మళ్ళీ ఆ గట్టి నేల మీదే. దెబ్బ కొత్త రెక్కకే తగిలింది. టప్‌మని శబ్దం నేనున్న చోటిదాకా వినబడింది. తూకమ్మ పరిగెత్తింది. రాకెట్‌ని తలకిందులుగా ఎత్తి, మూడు వేళ్ళు చూపించింది. మూడూ ఉన్నాయి!

బ్యాడ్జి ఇచ్చారు. పిన్ను గుచ్చడం చేతకాక లిఫ్ట్ మెకానిక్ గారు తంటాలు పడుతుంటే నేనే గుచ్చాను, పోగు చూసి, బట్ట చిరగకుండా. తూకమ్మ మెడ వంచి నా చేతులే చూస్తూ నిలబడింది. వెళ్ళేటప్పుడు మిగిలిన షీట్ ముక్క ఏం చేశావని అడిగింది. దాచానన్నాను. అప్పుడు నవ్వింది.

మార్చి 18, సోమవారం, ఉదయం 8:50

నా మేకుకి పాత రెక్క తగిలించాను, చీటీ మీద నా పేరుతో. ఇదేం కాలరు, ఏ సైజని పక్క మేకు మాస్టర్ అడిగాడు. సరిగ్గా చూడమన్నాను. నెలాఖరు దాకా ఉంటుంది.