రత్నక్క చూసిన వీడియో

శనివారం రాత్రి, సూళ్లూరుపేట

పొద్దున తమ్ముడికి పంపబోయిన కామెడీ వీడియో మా చర్చి పాటల వాట్సాప్ గ్రూపులో పడింది. చీర కట్టిన నటుడొకడు చేపల గంపతో వస్తాడు, చుట్టూ ఉన్నవాళ్లు ముక్కు మూసుకుంటారు. అంతే జోకు. చిన్నప్పటినుంచీ అదే జోకు, చిన్నప్పటినుంచీ నవ్వుతూనే ఉన్నాం. ఆ గ్రూపులో రత్నక్క ఉంది. పగలంతా బజారులో చేపలమ్మి, సాయంత్రం మాతో పాడటానికి వస్తుంది.

కంగారులో 'అందరికీ' డిలీట్ చేయబోయి 'నాకు మాత్రమే' అన్నది నొక్కాను. నా ఫోన్‌లో పోయింది, అందరి ఫోన్లలో ఉండిపోయింది. ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టినవాడి చేతులు పడిపోను! అని తిట్టుకున్నాను గానీ, తమ్ముడికైనా పంపాలనుకున్నది నేనే కదా.

రత్నక్కా నేనూ ఎప్పుడూ ఒకే పాటల పుస్తకం చూసి పాడతాం. ఈరోజు ఆమె బెంచీ చివర కూర్చుంది. పుస్తకం తీసుకుని నేనే దగ్గరికి జరిగాను.

"అక్కా, పొద్దున ఆ వీడియో..."

రత్నక్క నా మాట పూర్తికానివ్వలేదు. పుస్తకం రెండో అంచు పట్టుకుంది.

"పర్లేదు, కూర్చోమ్మా. రెండుసార్లు సబ్బేసి రుద్దుకొనే వచ్చినా."