కప్పేశాం అన్నాను

ఆగస్టు 19

నేను చెబుతాను, నువ్వు రాయి, మధ్యలో నీ తెలివి కలపకు.

ఇలా మొదలుపెట్టగానే చిన్నది పెన్ను పక్కన పెట్టి, అది కూడా రాయాలా అక్కా అంది. అన్నీ రాయాలి. తుఫాను బాధితులకి ఊరికే సలహా చెప్పే వకీలు అన్నాడు కదా, ఏ రోజు సంగతి ఆ రోజే రాయించి పెట్టుకోండి, రేపు ఆఫీసువాళ్లు మాట మారిస్తే మన దగ్గర తేదీలుంటాయి అని. ఆయనకి పనికొచ్చేవి ఆయన ఏరుకుంటాడు. మిగతాది ఎవరికీ కాదు.

చిన్నది అంటే నా తోడికోడలు, మా మరిది పెళ్లాం. తల ముగ్గుబుట్ట అయినా ఈ ఇంట్లో అది చిన్నదే. మొగుళ్లిద్దరూ పోయారు. పిల్లలు ఇద్దరికీ లేరు. మిగిలింది మేమూ, ఈ ఇల్లూ, మా తగువులూ. అది పదో తరగతి చదివింది, నాది వేలిముద్ర. కాపురానికొచ్చిన కొత్తలో పేపరు గట్టిగా చదువుతూ ఇల్లంతా తిరిగేది, నాకు వినబడాలని. ఇప్పుడు తుంటి విరిగి మంచంలో ఉంది. మే నెల తుఫానుకి వెనక గది రేకులు లేచిపోయిన రోజు తడి గచ్చు మీద జారింది. అప్పట్నుంచి అది చదువుతుంది, నేను నడుస్తాను. ఇద్దరం కలిస్తే ఒక మనిషి.

కేసు ఇది. వెనక గదికీ వంటగదికీ రేకులు పోయాయి, ముందు గదికి మిగిలాయి. పోయినచోట కొత్తవి బిగిస్తే సరి అనుకున్నాం. కప్పులు వేసే మేస్త్రిని పిలిస్తే పర్మిట్ కావాలన్నాడు. రిపేరుకి పర్మిట్ ఏమిట్రా అన్నాను. పావు వంతు దాటి పోతే అది రిపేరు కాదు పెద్దమ్మా, కొత్త కప్పు కిందే లెక్క, మిగిలినవి కూడా ఊడదీసి మొత్తం కొత్త రూలు ప్రకారం వెయ్యాలి అన్నాడు. గాలి దయతలిచి వదిలేసినవి నువ్వు ఊడదీస్తావా అన్నాను. నేను కాదు పెద్దమ్మా, రూలు అన్నాడు.

ఇంకో తుఫాను సీజను లోపల దీని నెత్తిన కప్పు పడాలి. లేవలేని మనిషి. నాకు కావలసింది అంతే.

ఆగస్టు 21

పర్మిట్ ఆఫీసుకి తిట్టడానికే వెళ్లాను.

కౌంటర్లో ఒక పిల్ల. నా ఇంటి మీద కప్పు వేసుకోడానికి నీ పర్మిట్ కావాలి, సరే, మరి ఎత్తుకెళ్లిన గాలి ఎవరి దగ్గర తీసుకుంది పర్మిట్ అని అడిగాను. క్యూలో అందరూ నవ్వారు. పిల్ల తలెత్తకుండానే, గాలి దరఖాస్తు పెట్టుకోలేదు అవ్వా, మీరు పెట్టుకోవాలి అంది. నోరుంది, బాగుపడుతుంది అనుకున్నాను.

తర్వాత ఆఫీసరు దగ్గరికి పంపింది. మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. ఒక కాగితం ముక్క అంచు పెదవుల కింద పట్టుకుని దాని మీదుగా ఊదాడు. వేలాడుతున్న కాగితం కిందికి పోకుండా పైకి లేచింది. చూశారా అమ్మా, గాలి కప్పుని నొక్కదు, పైకి లాగుతుంది, చూరు అంచుల్లో మరీ లాగుతుంది అన్నాడు. అందుకని అంచుల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలట. ప్రతి వాసాన్నీ ఇనుప పట్టీతో గోడకి కట్టాలట. రేకు వాసాన్ని పట్టుకోవాలి, వాసం గోడని పట్టుకోవాలి, గోడ పునాదిని పట్టుకోవాలి, మధ్యలో ఎవరు చెయ్యి వదిలినా అందరూ పోతారు అన్నాడు. రేకులు పడ్డాక పట్టీలు కనబడవు కాబట్టి పట్టీలు బిగించగానే ఫోన్ చెయ్యమన్నాడు. మేం చూసి సరే అన్నాకే కప్పాలి అన్నాడు.

నోటిదాకా వచ్చిన తిట్టు మింగేశాను. రూలు మంచిదే. ఈ కప్పు వేయించిన రోజుల్లో మా ఆయనకి ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే చిన్నది మంచాన పడేది కాదు.

ఇంటికొచ్చి చిన్నదానికి కూడా కాగితం ఊది చూపించాను. ఉమ్ము పడింది అక్కా అని కళ్లద్దాలు తుడుచుకుంది.

సెప్టెంబర్ 6

పర్మిట్ వచ్చింది. చిన్నది మళ్లీ మళ్లీ చదివింది, నేను మళ్లీ మళ్లీ విన్నాను.

సెప్టెంబర్ 17

పాత రేకులన్నీ దింపేశారు. కొత్తవి పెరట్లో దొంతరగా పెట్టారు. మేస్త్రి పైన పట్టీ బిగిస్తుంటే నేను కింద నిలబడి అది వదులు, ఇది వంకర అని అరుస్తూనే ఉన్నాను. పెద్దమ్మా, ఆఫీసరు ఉద్యోగం మీరే తీసుకోండి, నేను కూడా బతికిపోతాను అన్నాడు. చిన్నది మంచంలోంచి ఆకాశం చూస్తూ, జన్మలో మొదటిసారి పెద్ద ఇంట్లో ఉన్నట్టుంది అంది.

సాయంత్రానికి పట్టీలన్నీ అయ్యాయి. అంతలో మబ్బు కమ్మింది. గబగబా నీలం టార్పాలిన్ పట్టా తెచ్చి వాసాల మీద పరిచి తాళ్లు కట్టారు.

ఆఫీసుకి నేనే ఫోన్ చేశాను. కౌంటర్ పిల్లే ఎత్తింది. పట్టీలు అయ్యాయి, వచ్చి చూసుకోండి అన్నాను. అటు పక్క ఒకటే గోల. పైన కప్పేశారా అవ్వా అని అడిగింది. వానలో తడుస్తున్నామేమోనని అడుగుతోంది పాపం అనుకున్నాను. కప్పేశాం తల్లీ, చినుకు పడుతుంటే ఊరుకుంటామా అన్నాను. సరే అని పెట్టేసింది.

సెప్టెంబర్ 19

ఎవరూ రాలేదు.

సెప్టెంబర్ 22

తలుపుకి ఎర్ర కాగితం అంటించి పోయారు. నేను నీళ్ల కోసం వెళ్లి వచ్చేలోపు. పీకి తెచ్చి చిన్నదాని చేతిలో పెట్టాను. చదివింది. తనిఖీకి ముందే పైకప్పు కప్పివేసినట్లు ఇంటి యజమాని ఫోనులో స్వయంగా ఒప్పుకున్నందున పని తక్షణమే ఆపివేయవలెను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ముందు అదే నవ్వింది. తుంటి పట్టేసేదాకా నవ్వింది. కప్పేశాం తల్లీ అట, కప్పేశాం అని నా గొంతు పెట్టి వెక్కిరించింది. నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి ఇద్దరం ఆగిపోయాం.

టార్పాలిన్ అని ఒక్క మాట అని ఉండాల్సింది అక్కా అంది.

రేకులా అని ఆ కౌంటర్ పిల్ల ఒక్క మాట అడిగి ఉండాల్సింది అన్నాను.

సెప్టెంబర్ 23

ఆఫీసరుకి అంతా చెప్పాను. రేకులు పెరట్లో ఉన్నాయి బాబూ, పైన ఉన్నది పట్టా, వీధిలో నిలబడి మెడ ఎత్తితే చాలు కనబడుతుంది, పద అన్నాను. నమ్మాడు. అదే విడ్డూరం, నమ్మాడు. నమ్మి, నోటీసు పడ్డాక విచారణ అయ్యేదాకా ఆ ఇంటి గడప తొక్కకూడదమ్మా అన్నాడు. ఇతనికి ముందున్న ఆఫీసరు అలాగే విచారణ కాకుండా ఒకరింటికి వెళ్లొచ్చాడట, లంచం తిన్నాడని రాసి సస్పెండ్ చేశారట. ఫైల్లో ఒకటుంటే నా కళ్లు ఇంకొకటి చూడకూడదమ్మా అన్నాడు.

విచారణ ఎప్పుడు? అక్టోబర్ 27.

ఆలోపు గాలొస్తే అన్నాను. రాకూడదని కోరుకుందాం అన్నాడు. కోరుకోడానికి నీ ఆఫీసెందుకురా, నేను ఇంట్లోనే కోరుకోగలను అని కుర్చీలోంచి లేచాను.

బయట కౌంటర్ పిల్ల, మీరన్నదే రాశాను అవ్వా, అబద్ధం రాయలేదు అంది. నిజమే. నేనూ అబద్ధం చెప్పలేదు. అబద్ధమైతే పట్టుకుని నిలదీయొచ్చు. దీన్ని ఎక్కడని పట్టుకోను?

అక్టోబర్ 3

మేస్త్రిని పిలిచి, వెయ్యరా రేకులు, ఏమవుతుందో చూస్తాను అన్నాను. తల వంచుకుని నిలబడ్డాడు. నోటీసున్న ఇంటి మీద ఒక్క స్క్రూ తిప్పినా లైసెన్స్ పోతుంది పెద్దమ్మా, ఇంక ఈ ఊళ్లో కప్పెక్కనివ్వరు అన్నాడు. పిరికి సన్నాసి అన్నాను, ఇంకా చాలా అన్నాను. అన్నీ పడ్డాడు. వెళ్లేముందు నిచ్చెనేసి పట్టా తాళ్లు మళ్లీ బిగించి వెళ్లాడు.

చిన్నది ఆ తిట్లు రాయనంది. దాని ఇష్టం.

అక్టోబర్ 11

పేపర్లో వాయుగుండం. చిన్నది ఈసారి గట్టిగా చదవలేదు.

అక్టోబర్ 13, ఉదయం

షెల్టరుకి తీసుకెళ్లే వ్యాన్ వచ్చింది. లోపల బల్లలే. చిన్నది కూర్చోలేదు, పడుకోబెట్టడానికి చోటు లేదు. అంబులెన్స్ పంపిస్తాం అని చెప్పి నన్ను ఎక్కమన్నారు. నువ్వు వెళ్లక్కా, నేను వెనకాలే వస్తాను అంది చిన్నది. పెద్ద పరుగు పందెంగత్తెవి, వెనకాలే వస్తావు అన్నాను. వ్యాన్ పోయింది.

మేస్త్రి వచ్చాడు. పెరట్లో రేకులు ఎగరకుండా ఇసుక బస్తాలు వేశాడు. ఇప్పుడైనా వెయ్యరా, కాళ్లు పట్టుకుంటాను అన్నాను. ఏడ్చాడు. లైసెన్స్ పోతే పోయింది పెద్దమ్మా, వేసేవాణ్ణే, కానీ ఈ గాలిలో రేకు ఎత్తితే కత్తై తిరుగుతుంది, పైకెక్కే టైం దాటిపోయింది అన్నాడు. నిజమే చెప్పాడు. ఈ కేసులో అందరూ నిజమే చెబుతున్నారు.

అక్టోబర్ 13, సాయంత్రం

అంబులెన్స్ రాలేదు. పట్టా కొట్టుకుంటోంది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి అక్కా అంటోంది. చాలు.

అక్టోబర్ 20

ఇది రాస్తున్నది మేస్త్రి. నా తోడికోడలు లేదు.

ఆ రోజు చీకటి పడకముందే పట్టా పోయింది. ఒక్కసారిగా పోలేదు. ఒక మూల చిరిగింది, ఇంకో మూల చిరిగింది, తర్వాత మొత్తం ఎవరో చీర లాగినట్టు లాక్కుపోయింది. వాన ఇంట్లో పడింది అనడానికి లేదు, ఇల్లే వానలో పడింది. చిన్నదాన్ని మంచంతో సహా మూలకి లాగాను. వంటగది తలుపు ఊడబెరికి మీద అడ్డం పెట్టి పట్టుకున్నాను. నా చేతుల్లో సత్తువ ఎంతసేపుంటుంది? దుప్పట్లు కప్పితే అవి నీళ్లు తాగి బరువెక్కి దాన్ని నొక్కేశాయి. తీసేశాను. చివరికి నేనే దాని మీద వంగి పడుకున్నాను. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి దానికి. అందులోనే పైకి చూసి, అక్కా, వాసాలు కదల్లేదు చూడు, ఒక్కటి కూడా కదల్లేదు అంది.

కదల్లేదు. పట్టీలు ఆగాయి. అంతా రూలు ప్రకారమే ఆగింది.

మర్నాడు మధ్యాహ్నం చెట్లు నరుక్కుంటూ అంబులెన్స్ వచ్చింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది అన్నారు డాక్టర్లు. ముక్కుకి గొట్టం పెట్టుకుని కూడా నా మీద పెత్తనమే. విచారణ రోజున నువ్వు నోరు విప్పకు అక్కా, రాసింది ఇచ్చెయ్, నీ మాట నమ్మడానికి లేదు అని నవ్వబోయి దగ్గింది. 17న పోయింది.

మేస్త్రి రాత దాని రాతలా లేదు. చదవడం రానిదాన్ని, అంతమాత్రం నాకూ తెలుస్తుంది.

అక్టోబర్ 24

ఆఫీసరు వచ్చాడు. ఇప్పుడు గడప తొక్కొచ్చట. తుఫాను తర్వాత ప్రతి ఇల్లూ చూడమని పైనుంచి ఆర్డరట.

నిచ్చెన కూడా అక్కర్లేకపోయింది. వీధిలో నిలబడి తలెత్తాడు. పైన కప్పేమీ లేదు కదా, అన్నీ కనబడుతున్నాయి. ఒక్కో వాసం, ఒక్కో పట్టీ. ఈ వరసలో ఇళ్ల కప్పులు వాసాలతో సహా పోయాయమ్మా, మీదొక్కటే నిలబడింది అన్నాడు. తనిఖీ పాస్ అని సంతకం పెట్టాడు. ఎర్ర నోటీసు రద్దు. ఇంక విచారణ అవసరం లేదు, రేకులు వేసుకోవచ్చు అన్నాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చి పట్టీలకి ఫోటో తీశాడు. అందరికీ నేర్పడానికి చూపిస్తారట, ఇలా కట్టాలి అని.

ఫోటోలో ఆ మంచం పడిందా బాబూ అని అడిగాను.

ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది అతనికి.

నవంబర్ 2

మేస్త్రి రేకులు వేస్తానని వచ్చాడు. నిచ్చెన తీయించేశాను. పర్మిట్ గడువు దాటిపోతుంది పెద్దమ్మా అన్నాడు. దాటనీ. ముందు విచారణ. పాస్ అయిన ఇంటికి విచారణ ఉండదంటున్నారు. ఉండాలి. వాళ్లందరూ వచ్చి ఈ గదిలో కూర్చోవాలి. ఆకాశం కనబడుతున్నంతకాలం ఇది కేసు. రేకు పడిందంటే ఇది ఉత్త ఇల్లు.

చినుకులు మొదలయ్యాయి. అక్షరాలు చెదిరిపోతున్నాయి పెద్దమ్మా, ఆపుదాం అంటున్నాడు.

చెదరనీ, రాయి అన్నాను.