మట్టితో మూసిన సందు

ఆనంద నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ దశమి, రాత్రి.

తమ్ముడూ, నా దస్తూరీ వంకర, తప్పులూ ఎక్కువే. వీధిబడి చదువు కదా, సర్దుకో. నువ్వు పోయాక మనసులో మాట నీకే రాసుకుంటున్నాను.

శిస్తు కోసం నిన్ను ఎండలో నిలబెట్టి చంపిన ఇజారాదారు పడవకి ఈవేళ మరమ్మతు చేశాను. పలకల సందులన్నిటా కొబ్బరిపీచు కుక్కాను. వాడు కూర్చునే చోట కింద మాత్రం మట్టి కూరి, పైన గుగ్గిలం పూశాను. నడిగోదావరిలో ఊడిపోతుంది. వాడికి ఈత రాదు.

అప్పట్లో సర్కారు మీద మనచేత కత్తులు పట్టించి, శిక్షపడి ద్వీపాంతరం పోయి తిరిగొచ్చిన సూరయ్యగారు వేలితో గీకి చూశారు.

"ఇదేంటి వెంకన్నా?"

"వాడు కూర్చునే చోటండి."

"తెడ్లేసేదెవరు?"

"మనవాళ్లేనండి. ఆళ్లకి ఈతొచ్చండి."

"ఆ రోజుల్లో కచేరీకి నిప్పెట్టించేను. లోపల వంటోడు పడుకున్నాడని తెలీదు. ద్వీపాంతరంలో ఉన్నన్నాళ్లూ వాడి కేకలే వినపడ్డాయి. పీచు కుక్కు వెంకన్నా."

"ఆయ్" అన్నాను. పోయింది తమరి తమ్ముడు కాదు కదండీ అని లోపల అనుకున్నాను. పీచు మాత్రం కుక్కలేదు.

నోట్లోకి నీళ్లు పోతుంటే వాడు నిన్ను తలుచుకోవాలి. అయినా ఆ వంటోడి కేకలు నాకూ వినపడుతున్నాయి.

పొద్దున్నే పడవ దింపుతారు. ఏం చెయ్యమంటావో తెల్లారేలోగా జవాబు చెప్పు.