గురువారం బల్ల మీద పడుకోవలసిందిగా వచ్చిన నోటీసుకు జవాబు

గుట్టకింది తండా,
మఠంపల్లి మండలం, నల్లగొండ జిల్లా.
నవంబరు 2013.

కోదాడ జీవధార వైద్య శిక్షణ, పరిశోధన కేంద్రంలో జరిగిన సంఘటనపై నియమితులైన విచారణాధికారి గారికి,

అయ్యా,

విషయం: నా భార్య చాందీ వచ్చే గురువారం తమ ఎదుట హాజరై, సంఘటన జరిగిన తీరును అదే బల్లపై పడుకొని చూపవలెనని వచ్చిన నోటీసు, దానిపై అభ్యంతరం.

నా పేరు హన్మా. తండ్రి సక్రు. సిమెంటు ఫ్యాక్టరీలో లోడింగు పని చేస్తాను. ఇంటర్ చదివాను కనుక అర్జీ ఎలా రాయాలో తెలుసు. ఇంతకుముందు ఇచ్చిన అర్జీలు దున్నపోతు మీద వాన అయినందున, ఈసారి అంకెలు వేసి రాస్తున్నాను. అంకెలు వేస్తేనన్నా చదువుతారేమోనని.

1. సదరు కేంద్రంలో డాక్టర్లకు, నర్సులకు ఉత్తుత్తి కాన్పులు చేయించి నేర్పుతారు. మొదట రబ్బరు బొమ్మతో నేర్పేవారు. బొమ్మ ఏడవదు, చెయ్యి పట్టుకోదు, నేర్చుకునేవాళ్లకు భయం పుట్టడం లేదని చెప్పి, అక్కడి పెద్ద డాక్టర్ మురళీధర్ గారు మా తండాకు వచ్చారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లను రోగి వేషానికి కూలికి పిలిచారు. పడుకొని నొప్పులు వచ్చినట్లు మూలగడమే పని, సూది గుచ్చేది లేదు, మందు ఇచ్చేది లేదు అన్నారు. పత్తి ఏరడం కన్నా నయమని చాందీ ఒప్పుకుంది. ఏడిస్తే కూలి ఇచ్చే చోటు కూడా ఉందా అని తండా అంతా నవ్వింది.

2. అక్కడ ఒక నిబంధన కలదు. వేషం వేసిన మనిషికి నిజంగానే ఏదైనా అయితే, గంట పట్టుకొని నిలబడిన మనిషికి "నిజం" అని చెప్పాలి. అతను గంట కొడతాడు, ఆట ఆగుతుంది. ఆ మాట తప్ప ఏం అరిచినా, ఏం మొత్తుకున్నా వేషం కిందికే వస్తుంది. రోజూ గంట నర్సు నాగరాణమ్మ దగ్గర ఉండేది. ఆ రోజు ఆమె సెలవు. గంటను తెచ్చి అటెండరు మోతీలాల్ చేతిలో పెట్టారు.

3. మోతీలాల్ నా సొంత అన్న. మాలో కోడలు భర్త అన్న ఎదుట నోరు విప్పదు. ముసుగు లాక్కొని మొహం తిప్పుకుంటుంది. ఆయన కూడా అటు చూడడు. అది మా మర్యాద. పెండ్లయిన నాటి నుండి చాందీ మా అన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకు అన్నం పెట్టినా, ఇంకొంచెం కావాలా అని నా చేత అడిగిస్తుంది. అటువంటి మనిషి కాళ్లు చాపి బల్ల మీద పడుకొని, బావను పిలిచి, నాకు నిజంగానే అవుతోందని చెప్పాలట. తమరి ఇంట్లో ఆడవాళ్లు చెప్పగలరేమో నాకు తెలియదు.

4. ఆ రోజు పాఠం రక్తం పోవడం గురించి. అందుకని ముందే చాందీ కింద ఎర్రరంగు నీళ్లు పోసి ఉంచారు. నిజం రక్తం వచ్చి ఆ రంగులో కలిసింది. చాందీ ముసుగు లాక్కొని గోడ వైపు తిరిగింది. మురళీధర్ గారు అందరినీ పిలిచి, "చూశారా, పల్లెటూరి పేషెంట్లు ఇలాగే మొహం దాచుకుంటారు, గమనించండి" అన్నారు. పక్కనున్న నర్సు నవనీత, "సార్, ఈమె నా చెయ్యి విరిగిపోయేటట్టు పట్టుకుంటుందండీ" అన్నది. "మనకు కావలసింది అదే, ఆపకండి" అన్నారు ఆయన. మా అన్నను తర్వాత అడిగాను. "నేను అటు మొఖం పెట్టుకోని నిలబడ్డ తమ్మీ. ఆమె పండుకోని ఉంటే నేనెట్ల సూస్త? ఏడుస్తుంటే రోజు లెక్కనే అనుకున్న" అని తల కొట్టుకున్నాడు.

పాఠం అయిపోయి అందరూ టీకి వెళ్లాక, నవనీత బల్ల తుడవబోయి కేక వేసింది. అప్పుడు ఉరికి వచ్చారు. రక్తం ఆపే సూదిమందు సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. అన్నిటిలోనూ నీళ్లు. నేర్చుకోవడానికి పెట్టిన సీసాలవి. అంతమంది డాక్టర్లున్న గదిలో ఒక్క చుక్క మందు లేదు. జీపులో వేసుకొని వేరే దవాఖానకు పోయేసరికి బిడ్డ పోయింది. ఏడో నెల. ఆడపిల్ల. చాందీ బతికింది.

5. ఇక తమ నోటీసు. "బాధితురాలు నిర్ణీత పదము ఉచ్చరించనందున" అని మొదలుపెట్టారు. తప్పు ఎవరి మీద వేయాలో ముందే తేల్చుకొని విచారణకు పిలిచారన్నమాట. మురళీధర్ గారు, నవనీత, మా అన్న ఎవరి స్థానాల్లో వారు నిలబడాలట, చాందీ పడుకొని అదే విధంగా ఏడ్చి చూపాలట, వీడియో తీస్తారట. అన్నిటికీ మించి, "గర్భస్థానమున దిండు కట్టబడును" అని రాశారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. సంతకం పెట్టిన తమరు చదివే పెట్టారా? నా భార్య రాదు. రానిచో ఫైలు మూసివేయబడునని బెదిరించారు. తెరిచి ఉన్నప్పుడు ఆ ఫైలు మాకు చేసిన మేలు ఏమిటో తెలియజేయగలరు.

6. ఆ రోజు పాఠం జరుగుతుండగా కేంద్రం వారు తీసిన వీడియోను మిర్యాలగూడలో పరిశోధన సభలో చూపించారు. పాఠం అయిపోయేదాకానే చూపించారు, తర్వాతది లేదు. అక్కడ భోజనాలు వడ్డించే పనికి పోయిన మా బామ్మర్ది సుమన్ ఫోన్ చేశాడు. "బావా, అక్కను తెర మీద సూపిస్తున్నరు. గోడ దిక్కు తిరిగి ఏడుస్తుంటే మస్తు చేసిందని సప్పట్లు కొడుతున్నరు." నేను లారీ దగ్గర ఉన్నాను. బస్తా అక్కడే పడేసి కూర్చున్నాను. ఆ వీడియోను ఇకమీదట ఎక్కడా చూపకుండా ఆపించవలెను.

7. కేంద్రం వారి నివేదికలో "ఎట్టి ప్రాణనష్టము వాటిల్లలేదు" అని ఉంది. బతికి బయటకు రాలేదు కనుక లెక్కలోకి రాదని మురళీధర్ గారు నాకు వివరించారు. నా చేతులతో మట్టి కప్పిన బిడ్డ లెక్కలోకి రాకపోతే, నేను కప్పింది ఏమిటి? ఆ వాక్యం కొట్టివేసి, ఒక ఆడబిడ్డ చనిపోయిందని రాయవలెను. నాకు కావలసింది అది. పరిహారం సంగతి తమరే రెండుసార్లు ఎత్తారు, నేను ఎత్తలేదు.

తమరు చిత్తగించినా, చిత్తగించకున్నా ఈ కాగితం ఆ ఫైలులోనే ఉండవలెను.

విధేయత అయిపోయిన,
హన్మా

తా.క. సంతకం పెట్టాక దీన్ని చాందీకి చదివి వినిపించాను. 5వ అంశం దగ్గర ఆపింది. "రాదని నువ్వెందుకు రాస్తివి? నన్ను అడిగినవా? నేనొస్త. దిండు గిండు కట్టుకోను, పండుకోను. కుర్సీ ఏయమను. కూసోని మొత్తం చెప్త. మీ అన్న ఉంటే ఉండనీ" అన్నది. కావున 5వ అంశంలో రాదు అన్న మాట వరకు కొట్టివేశాను. గురువారం వస్తుంది. కుర్చీ వేయించగలరు.