ఇటుకలు మూసిన కిటికీ

14, ఎల్లిస్‌మోర్ వీధి,
డబ్లిన్.
1965 మార్చి 8, సోమవారం.

శిథిల భవనాల అధికారి గారికి,

అయ్యా,

విషయం: ఇల్లు పడగొట్టే ముందు, మొదటి అంతస్తు వీధివైపు గది కిటికీ కాసేపు తెరిపించుట గురించి.

నా చేతిరాత కోడి గీకినట్టు ఉంటుంది. తప్పులూ ఉంటాయి. మా ఊరి బడిలో చదివింది కొంచెమే. మన్నించి చదువుకోగలరు.

ఫింటన్ జెరాటీ అను నేను, పై చిరునామాలో పెళ్ళయిన నాటినుంచి కాపురం ఉంటూ, మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు ఇల్లు దొరల కాలంలో కట్టినది. వరసలో ఇంటికీ ఇంటికీ నడుమ గోడ ఒక్కటే. కింద వంట, పైన విందులు, అటక మీద పనివాళ్ళు. ఇక్కడి పార్లమెంటు లండన్‌కి పోయాక దొరలూ పోయారు. తర్వాత గదికొక కుటుంబం చొప్పున అద్దెకిచ్చారు. మాకు వచ్చింది విందుల గది. కప్పు నిండా సున్నంతో చేసిన పక్షులు. కప్పు చాలా ఎత్తు, పొయ్యి వేడి అంతా పైకే పోతుంది. "మన బొగ్గుతో అవి చలి కాచుకుంటున్నాయి" అనేది నా భార్య డెలియా.

2. సదరు గదికి కిటికీలు రెండు. ఒకటి, కిటికీకింత అని పన్ను వేసిన రోజుల్లోనే మూసేశారట. నిరుడు పక్కిల్లు తీసేశాక మా గోడ వాలింది. పక్కింటివాళ్ళ పొయ్యి ఇంకా మా గోడకే గాల్లో వేలాడుతున్నది. నవంబరులో తమ పనివాళ్ళు రెండో కిటికీకి బయటినుంచి ఇటుకలు కట్టారు. వెలుతురుకని పైన ఒక వరస అద్దాలు వదిలారు. అవి తెరుచుకోవు. "వీటిని కదిలించకు తాతా, గోడ వచ్చి నీ ఒళ్ళో కూర్చుంటుంది" అన్నాడు మేస్త్రీ. ఆయన తప్పేం లేదు.

3. జనవరిలో డెలియా పోయింది.

మాలో మనిషి పోగానే కిటికీ తీస్తాం. ఆత్మకి అదే దారి. అడ్డంగా ఎవరూ నిలబడరు. కాసేపయ్యాక మూస్తాం, తిరిగి రాకుండా. డెలియా ముందే చెప్పింది: "కిటికీ మర్చిపోకు ఫింటన్. నువ్వు ఏడుస్తూ కూర్చుంటావు, నేనిక్కడే ఇరుక్కుపోతాను."

మర్చిపోలేదు. పైకి జరిపి తెరిచే కింది అద్దాల పలకని ఎత్తాను. ఎదురుగా ఇటుకలు.

4. అప్పటినుంచి సాయంత్రం చర్చి గంట కొట్టగానే కిటికీ పక్క చెక్కపెట్టెలో చప్పుడవుతున్నది. పలక పైకి లేస్తే లోపల తాడుకి కట్టిన ఇనప గుండు కిందికి దిగుతుందని తమకు తెలిసినదే. ఆ గుండు కదులుతున్నది. పలక మీద ఎవరి చెయ్యీ ఉండదు. ముందు మెల్లగా, తర్వాత విసుగ్గా. పలకని నేను దించుతాను. మళ్ళీ జానెడు లేస్తుంది. "అటు ఇటుకలున్నాయే డెలియా" అని చెబుతాను. వినదు.

5. పైగదిలో ఉండే క్విల్టీ అమ్మగారితో అన్నాను.

"వచ్చే సోమవారం గోడే పడగొడతారు కదయ్యా! ఇల్లంతా కిటికీయే. ఇంకేం కావాలి ఆవిడకి?"

"ఇల్లు కూల్చి పంపడం కూడా ఒక పంపడమేనా?" అన్నాను.

"పోనీ గది తలుపు తియ్యి, మెట్లు దిగి పోతుంది."

"మెట్ల మీద పట్టుగౌన్ల చప్పుడు మీరూ విన్నారుగా. ఎప్పుడో పోయిన ఆ దొరసానుల మధ్య నుంచి దిగాలంటే డెలియాకి మొహమాటం."

నవ్వుతుందనుకున్నాను. శిలువ గుర్తు వేసుకుంది. "వెంటనే అర్జీ పెట్టు" అంది.

కావున, శుక్రవారం మమ్మల్నందరినీ కొత్త ఫ్లాట్లకి తరలిస్తున్నందున, శనివారం ఇల్లు ఖాళీగా, ఎవరికీ ప్రమాదం లేనప్పుడు, తమ మేస్త్రీ చేత కొన్ని ఇటుకలు తీయించ ప్రార్థన. కొంచెం సందు చాలు. ఆవిడ సన్నటి మనిషి. ఆ సమయమున నన్ను గదిలో ఉండనివ్వవలెను. గోడ నా మీద పడినచో బాధ్యత నాదే. ఇల్లు నిలబెట్టమని నేను అడగడం లేదు.

ఈ ఒక్క మనవి దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఫింటన్ జెరాటీ

తా.క.: తెరిచిన కిటికీ మళ్ళీ మూయాలని పైన రాశాను. అది ఆచారం. మేస్త్రీ గారికి తొందర పని ఉండి, మూయకుండా వెళ్ళిపోయినా నేనేమీ అనుకోను. జవాబు మాత్రం శుక్రవారంలోగా రాయండి. ఆ తర్వాత ఈ చిరునామాలో ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఆవిడకి చదువు రాదు.