సీలు తీయని గుళ్ళ డబ్బా

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన పెరట్లో నిమ్మచెట్టు మీది గూట్లో పిట్ట గుడ్లను ఎలుకలు మళ్ళీ తినేశాయి. అందుకే నీ ఎయిర్‌గన్ బయటికి తీశాను.

ఆ ఎలుకల కోసమే నువ్వది కొన్న రోజు, జీవహింస మీద కరపత్రం నీ ముఖాన విసిరి, "ఆసుపత్రిలో రోగుల్ని బతికించి ఇంట్లో ఎలుకల్ని చంపుతావా?" అని అరిచాను. "సరేలేరా, ముట్టుకోనులే" అన్నావు.

గుళ్ళ డబ్బా సీలు అలాగే ఉంది. దాని కింద నా కరపత్రం దొరికింది. వెనకవైపు గురి కోసం నువ్వు పెన్నుతో గీసిన వలయాలున్నాయి, చిల్లు ఒక్కటీ లేదు.

"ఆ కాగితాన్నే కొట్టరా, అందుకేగా గీశాడు" అంది అమ్మ. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. మట్టిగట్టుకు అట్టపెట్టె ఆనించి కొట్టాను. మూడు గుళ్ళూ పక్కకే పోయాయి.

నువ్వుంటే నవ్వేవాడివి. ఈసారి నేను అరిచేవాణ్ణి కాదు.