బకెట్లో నిలబడ్డ రబ్బరు చేప

సుకన్య నాన్నా,

పప్పుచారు పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తిను. పెళ్ళివాళ్ళకి కుట్టిన జాకెట్లు ఇచ్చి రావడానికి రెంటచింతల పోతున్నా, సాయంత్రానికి వస్తా.

నీ గాలాల డబ్బా ముట్టుకున్నా. ఆడవాళ్ళ చెయ్యి తగిలితే చేప పడదంటావుగా, తిట్టుకో. ఎరగా వేసే ఆ రబ్బరు చేపల్ని సీసం తలకాయ గాలాలకి నువ్వు అడ్డదిడ్డంగా గుచ్చుతుంటే చూడలేకపోయా. నేను ముందు గాలాన్ని చేప పక్కన పెట్టి కొలిచా. మొన బయటికి రావాల్సిన చోట గోటితో గుర్తు పెట్టుకున్నా. ముక్కులోంచి నడిమధ్యగా పోనిచ్చి సరిగ్గా అక్కడే తీశా. ఎక్కడా ముడత లేదు.

తర్వాత దారం కట్టి బకెట్ నీళ్ళలో వేసి చూశా. ఏందయ్యా అది! సీసం తల అడుక్కి ఆనింది. తోక పైకి లేచి నిలబడి, నేను దారం కదపకుండానే వణుకుతా ఉంది. ప్రాణముందేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నా. బస్సు సంగతి మర్చిపోయి అట్టాగే చూస్తా కూర్చున్నా. పొద్దంతా కాలవ గట్టున ఏం చూస్తావో అని ఇన్నేళ్ళు సణిగా. ఇప్పుడు తెలిసింది.

వాసంతి

మర్చిపోయా, రెండే నేను గుచ్చా. మూడోది నువ్వు గుచ్చిందే, వంకరగానే వదిలేశా. ముందు నీది వెయ్యి, తర్వాత నాది వెయ్యి. కొర్రమీను దేనికి పడిందో నాకు చెప్పనక్కర్లేదు. వచ్చే ఆదివారం నన్ను కూడా గట్టుకి తీసుకుపో, చాలు.